లెక్కకు రాని తొమ్మిది ఆటలు

"అతిథి" అన్న పదానికి తిథి చూచుకొని రానివాడని మన పెద్దలు అర్థం చెప్పారు. అదే మనిషిని ఉర్దూలో "మెహమాన్" అంటాం. మాట ఏదైనా మర్యాద ఒక్కటే. వచ్చినవానికి కాళ్ళకు నీళ్ళిస్తాం, కూర్చోవడానికి మంచి చోటు చూపిస్తాం, ఇంట్లో ఉన్నదానిలో మేలైనది ముందుగా ఆయన ముందు పెడతాం. అయితే ఆ మర్యాదలోనే మరొక అర్థం కూడా ఇమిడి ఉంది. అతిథి ఇంటివాడు కాడు. ఇంటి దస్తావేజులో అతని పేరు ఉండదు. వాటాలు పంచుకొనే రోజున అతనిని ఎవరూ పిలువరు. అతడు వచ్చినప్పుడు సంతోషిస్తాం. వెళ్ళినప్పుడు గుమ్మం దాకా సాగనంపుతాం. ఆ తరువాత మన లెక్కలు మనం చూచుకొంటాం.

మరి ఒక మనిషిని అతడు పుట్టిన దేశమే అతిథిగా చూచి, అవసరం తీరిన పిమ్మట తన లెక్కల పుస్తకం మూసివేస్తే ఆ మనిషి చేసిన సేవ ఏమవుతుంది? ఈ ప్రశ్నను ఒక ఫుట్‌బాల్ ఆటగాని జీవితం ఆధారంగా విద్యార్థుల ముందు, కళాశాల పాలక సంఘ సభ్యుల ముందు ఉంచాలని ఈ వ్యాసం తలపెట్టాం. ఆటల గురించి సాహిత్య అధ్యాపకులకు పనేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చు. ఈ కథలో ఆట కంటే లెక్క పెద్దది కనుక, లెక్క కంటే మనిషి పెద్దవాడు కనుక మాకు ఇందులో పని ఉందని వినయంగా మనవి చేస్తున్నాం.

ఆయన పేరు ఫ్రాంక్ సూ. 1914 మార్చిలో ఇంగ్లండులోని డెర్బీషైర్ కౌంటీలో, బక్స్‌టన్ పట్టణానికి సమీపాన జన్మించారు. తండ్రి చైనా నుంచి ఓడల మీద వచ్చి అక్కడ స్థిరపడిన వ్యక్తి. తల్లి ఆంగ్ల వనిత. తల్లిదండ్రులు పెట్టిన పేరులో హాంగ్ అనే చైనా నామం ఉన్నది కాని లోకం ఆయనను ఫ్రాంక్ అనే పిలిచింది. బాల్యం లివర్‌పూల్ రేవు పట్టణంలో గడిచింది. కుటుంబానికి జీవనాధారం లాండ్రీ. ఆ రోజులలో ఇంగ్లండులోని సామాన్య ప్రజలకు చైనీయుడు అనగానే ఇస్త్రీ పెట్టె పట్టుకొన్నవాడో, ఓడ బాయిలరులో బొగ్గు వేసేవాడో మాత్రమే గుర్తుకు వచ్చేవాడు. ఆ ఊహకు అందని పని ఒకటి ఈ లాండ్రీ ఇంటి కుర్రవాడు చేశాడు. బంతిని తన పాదానికి మచ్చిక చేసుకొన్నాడు.

గుమాస్తా ఉద్యోగం చేసుకొంటూ ప్రెస్కాట్ కేబుల్స్ అనే చిన్న జట్టుకు ఆడుతున్న ఫ్రాంక్ సూను 1933 జనవరిలో స్టోక్ సిటీ క్లబ్బు 400 పౌండ్లు చెల్లించి తీసుకొన్నది. అదే సంవత్సరం నవంబరులో ఆయన మొదటి లీగ్ పోటీ ఆడారు. చైనా సంతతికి చెందిన ఆటగాడు ఇంగ్లీషు ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగు పెట్టడం అదే ప్రథమం. స్టోక్ నగరం పింగాణీ పాత్రలకు ప్రసిద్ధి. ఆ జట్టును ప్రజలు ముద్దుగా "కుమ్మరులు" అని పిలుస్తారు. పింగాణీ విద్య ప్రపంచానికి చైనా ఇచ్చిన కానుక. ఆ విద్యతో పేరు తెచ్చుకొన్న నగరం చైనా రక్తం గల ఒక యువకునిలోని నేర్పును కూడా గుర్తించడం ముచ్చటైన విషయం.

స్టోక్‌లో ఆయన సహచరుడు స్టాన్లీ మాథ్యూస్. ఫుట్‌బాల్ చరిత్ర కొంచెమైనా తెలిసిన విద్యార్థికి ఆ పేరు పరిచయం చేయనక్కరలేదు. ఇద్దరూ ఆడిన కాలంలో, 1935-36లో, స్టోక్ జట్టు దేశంలోని మొదటి శ్రేణి లీగ్‌లో నాల్గవ స్థానం సంపాదించింది. సూ స్థానం హాఫ్ బ్యాక్. అనగా వెనుక కాపు కాసేవారికి, ముందుండి గోలు కొట్టేవారికి నడుమ నిలిచి, వెనుక నుంచి వచ్చిన బంతిని ముందుకు అందజేసే పని. గోలు కొట్టినవానికి చప్పట్లు, ఆపినవానికి మెప్పు దక్కుతాయి. నడుమనున్నవాని పనితనం మాత్రం శ్రద్ధగా చూచేవానికే కనబడుతుంది. బంతిని తొందరపడకుండా, గురి తప్పకుండా, అందంగా అందించడంలో సూకు మంచి పేరుండేది. యుద్ధానికి ముందు ఆ జట్టుకు నాయకత్వం వహించే గౌరవమూ ఆయనకు లభించింది. చైనీయుని కుమారుడు ఇంగ్లండులోని మొదటి శ్రేణి జట్టుకు నాయకుడు కావడం ఆ దినాలలో చిన్న సంగతి కాదు.

ఆయన వయస్సు పాతిక సంవత్సరాలు. ఆటగానికి అది పండిన ప్రాయం. సరిగా ఆ సమయానికే ప్రపంచం తగులబడింది.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దండెత్తింది. 2వ తేదీ శనివారం నాడు ఇంగ్లండులో లీగ్ పోటీలు యథాప్రకారం జరిగాయి. 3వ తేదీ ఆదివారం బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. వినోద స్థలాలన్నీ మూసివేయవలసిందని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. మొదలై కొద్ది రోజులే అయిన లీగ్ రద్దయింది. అప్పటి వరకు జరిగిన పోటీల ఫలితాలను చరిత్రలో చేర్చకుండా కొట్టివేశారు. ఆటగాళ్ళ ఒప్పందాలు నిలిచిపోయాయి. వారానికి గరిష్ఠంగా 8 పౌండ్లు వచ్చే వృత్తి ఆటగాడు ఒక్క రోజులో నిరుద్యోగి అయ్యాడు.

కాని ప్రజలకు ఆట కావాలి. బాంబుల భయంతో రాత్రుళ్ళు దీపాలు ఆర్పుకొని కూర్చొన్న ప్రజలకు శనివారం మధ్యాహ్నం రెండు గంటల సేపు ఆ భయం మరపించేది ఏదో ఒకటి ఉండాలని ప్రభుత్వమే గ్రహించింది. కొన్ని షరతులతో అనుమతి లభించింది. ప్రమాదం గల ప్రాంతాలలో ప్రేక్షకులు 8,000 మందికి మించరాదు. జట్లు దూర ప్రయాణాలు చేయరాదు. కనుక దేశమంతటికీ ఒకటిగా ఉన్న లీగ్‌ను ప్రాంతాల వారీగా విడదీశారు. ఆటగానికి పోటీకి 30 షిల్లింగులు, అనగా ఒకటిన్నర పౌను, ఇచ్చేవారు.

ఇక్కడనే "అతిథి ఆటగాడు" పుట్టాడు. ఆటగాళ్ళలో చాలామంది సైన్యంలోనో, నౌకాదళంలోనో, వైమానిక దళంలోనో, యుద్ధ సామగ్రి కర్మాగారాలలోనో చేరారు. ఎవని శిబిరం ఏ ఊరిలో పడుతుందో తెలియదు. లివర్‌పూల్ ఆటగాడు లండను చేరేవాడు, లండను ఆటగాడు ఉత్తరాన తేలేవాడు. సొంత క్లబ్బు అనుమతి ఉంటే తాను ఉన్న ఊరికి దగ్గరలోని ఏ జట్టుకైనా ఆడవచ్చునని నిర్ణయించారు. సైనిక శిక్షణ కేంద్రం గల ఆల్డర్‌షాట్ వంటి చిన్న పట్టణపు జట్టులో అంతర్జాతీయ ఆటగాళ్ళు బారులు తీరారు. పెద్ద పెద్ద క్లబ్బులు పదకొండు మందిని కూర్చుకోలేక అవస్థ పడ్డాయి. 1940 క్రిస్మస్ నాడు బ్రైటన్ జట్టు నార్విచ్‌కు అయిదుగురితోనే చేరింది. తక్కిన స్థానాలను నార్విచ్ అదనపు ఆటగాళ్ళతోను, అక్కడ ఆట చూడడానికి వచ్చిన సైనికులతోను నింపి ఆడించారు. నార్విచ్ 18 గోలులు కొట్టింది, బ్రైటన్ ఒక్కటీ కొట్టలేదు. నవ్వు వస్తుంది కాని ఆ నవ్వు వెనుక ఎంత కష్టకాలం ఉన్నదో ఆలోచించాలి. అటువంటి దినాలలో నాణ్యమైన ఆటగాడు ఒక్కడు దొరికినా ఆ ఊరికి పండుగే.

ఫ్రాంక్ సూ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరారు. వైమానిక దళపు జట్టుకు ఆడారు. వీలైనప్పుడు తన స్టోక్ జట్టుకు ఆడారు. ఎవర్టన్, చెల్సీ, బ్రెంట్‌ఫర్డ్, రీడింగ్ మొదలైన క్లబ్బులకు అతిథిగా ఆడారు. ఒక వారం ఒక రంగు చొక్కా, మరొక వారం మరొక రంగు చొక్కా. రైళ్ళు సమయానికి నడవని కాలంలో, దళపు విధులు ముగించుకొని, పరిచయం లేని పదిమందితో కలిసి మైదానంలోకి దిగి, వారి పద్ధతిని ఆ అరగంటలోనే అర్థం చేసుకొని బంతి అందించాలి. తన ఇంటిలో తాను గొప్పగా ఆడడం ఒక విద్య. పరుల ఇంటిలో వారి అలవాట్లకు ఒదిగి గొప్పగా ఆడడం మరొక విద్య. రెండవ విద్య అల్పసంఖ్యాక వర్గాలవారికి పుట్టుకతోనే అబ్బుతుందేమోనని మాకు ఒక్కొక్కప్పుడు తోస్తుంది. నలుగురు ఉన్న చోట ఎవరి భాషలో ఎవరితో ఎలా మాట్లాడాలో చిన్ననాటి నుంచి నేర్చుకొంటూ పెరిగిన మన విద్యార్థులకు ఈ మాట విడమరచి చెప్పనవసరం లేదు.

1942 మేలో కార్డిఫ్ నగరంలో వేల్స్‌తో జరిగిన పోటీలో ఫ్రాంక్ సూ ఇంగ్లండు దేశపు చొక్కా తొడిగారు. ఆనాటి నుంచి 1945 వరకు తొమ్మిది పర్యాయాలు దేశం తరఫున ఆడారు. ఇంగ్లండు ప్రధాన జట్టులో ఆడిన తెల్లజాతికి చెందని మొదటి ఆటగాడు ఆయనే. ఆ యుద్ధకాలపు పోటీలు ఏ మూలనో జరిగిన సరదా ఆటలు కావు. 1944 ఏప్రిల్‌లో గ్లాస్గో నగరంలో ఇంగ్లండు, స్కాట్లండు జట్ల పోటీ చూడడానికి 1,30,000 మందికి పైగా వచ్చారంటే వాటి స్థాయి ఊహించవచ్చు. ఆ సంవత్సరాలలోనే సూ సోదరుడొకరు వైమానిక దళంలో పనిచేస్తూ 1944లో ప్రాణాలర్పించాడు. ఒక లాండ్రీ కుటుంబం దేశానికి ఒక కుమారుని ఆటను, ఒక కుమారుని ప్రాణాన్ని ఇచ్చింది. అంతకంటే ఇంటివాడు ఏమి ఇవ్వగలడు?

ఇక లెక్క సంగతి. ఇంగ్లండులో దేశం తరఫున అంతర్జాతీయ పోటీ ఆడినవానికి ఒక టోపీ బహూకరించే ఆచారం ఉన్నది. ఎన్ని పోటీలు ఆడితే అన్ని టోపీలని లెక్క. 1939 మే తరువాత 1946 సెప్టెంబరు వరకు ఇంగ్లండు ఆడిన పోటీలను అధికారిక అంతర్జాతీయ పోటీలుగా ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం పరిగణించలేదు. కనుక సూ ఆడిన తొమ్మిది పోటీలూ ఆ లెక్కలోకి రాలేదు. 1978 నవంబరు 29న చెకొస్లొవేకియాతో జరిగిన పోటీలో వివ్ ఆండర్సన్ అనే నల్లజాతి యువకుడు ఆడినప్పుడు ఇంగ్లండు చరిత్రలో ఒక కొత్త పుట తెరచుకొన్నదని లోకం హర్షించింది. ఆ హర్షం న్యాయమైనదే. ఆండర్సన్ గౌరవం ఎవరి దయాభిక్షమూ కాదు. కాని అంతకు ముప్పది ఆరు సంవత్సరాల క్రితమే ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళి వచ్చిన ఒక మనిషి అప్పటికి ఇంకా సజీవంగా ఉన్నాడని ఆనాడు ఎందరికి జ్ఞాపకం వచ్చి ఉంటుంది?

దీనికి ఒక సమాధానం ఉన్నది. దానిని దాచిపెట్టడం మా ఉద్దేశం కాదు. యుద్ధకాలపు పోటీలను లెక్కించకపోవడం సూ ఒక్కనికే జరిగినది కాదు. ఆ కాలంలో ఆడిన ప్రతి ఆటగానికీ అదే నియమం వర్తించింది. స్టాన్లీ మాథ్యూస్ యుద్ధకాలంలో ఆడిన పోటీలు కూడా ఆయన అధికారిక లెక్కలో చేరలేదు. నియమం అందరికీ సమానమే కదా, ఇందులో వివక్ష ఎక్కడున్నదని ఒక విద్యార్థి అడిగితే అది చాలా మంచి ప్రశ్న. దానికి కోపంతో కాక ఆలోచనతో బదులు చెప్పాలి.

మాథ్యూస్ 1934లో మొదటి టోపీ అందుకొన్నారు. 1957 వరకు దేశం తరఫున ఆడి మొత్తం 54 అధికారిక టోపీలు సంపాదించారు. యుద్ధకాలపు పోటీలను తీసివేసినా ఆయన కీర్తి కిరీటంలో ఒక రాయి తగ్గుతుందంతే. కిరీటం అలాగే ఉంటుంది. ఫ్రాంక్ సూ సంగతి అది కాదు. ఆయన 1933 నుంచి 1939 వరకు మొదటి శ్రేణి లీగ్‌లో ఆడినా అధికారిక పోటీకి పిలుపు రాలేదు. యుద్ధం ముగిసి అధికారిక పోటీలు తిరిగి ప్రారంభమయ్యేనాటికి ఆయనకు ముప్పది రెండు సంవత్సరాలు. అప్పుడూ పిలుపు రాలేదు. ఆయనకు తలుపు తెరచుకొన్నది యుద్ధకాలంలో మాత్రమే. ఆ యుద్ధకాలాన్ని లెక్కలో నుంచి తీసివేస్తే మాథ్యూస్‌కు 54 మిగులుతాయి, సూకు సున్న మిగులుతుంది. కత్తెర ఒకటే, కత్తిరింపూ ఒకటే. ఒకరికి చొక్కా అంచు తెగింది, మరొకరికి చొక్కాయే లేకుండా పోయింది. సమానమైన నియమం అసమానమైన జీవితాల మీద పడినప్పుడు దాని బరువు సమానంగా ఉండదన్నది ఈ ఉదాహరణ నుంచి మన విద్యార్థులు గ్రహించవలసిన మొదటి సత్యం.

యుద్ధానికి పూర్వం సూను ఎంపిక చేయకపోవడానికి జాతి విద్వేషమే కారణమని మేము తీర్పు చెప్పబోవడం లేదు. ఎంపిక సంఘం వారి అంతరంగాన్ని చదివే శక్తి మాకు లేదు. ఆధారం లేని నింద మోపడం మన ధర్మమూ కాదు. అయితే ఆ కాలపు వాతావరణం ఎటువంటిదో తెలుసుకోవడానికి ఒక దృష్టాంతం చాలు. 1925లో ప్లిమత్ జట్టు ఆటగాడు జాక్ లెస్లీని ఇంగ్లండు జట్టుకు ఎంపిక చేసి, పిమ్మట ఆ పేరును తప్పించారు. లెస్లీ తండ్రి జమైకా దీవికి చెందినవాడు. తన రంగు చూచిన తరువాతనే తన పేరు పోయిందని లెస్లీ జీవితాంతం నమ్మారు. దాదాపు నూరు సంవత్సరాలు గడిచిన తరువాత, 2023లో, అదే ఫుట్‌బాల్ సంఘం లెస్లీకి మరణానంతరం గౌరవ టోపీ సమర్పించింది. ఆలస్యమైనా లెక్క సరిదిద్దవచ్చునని, సరిదిద్దినందువల్ల ఏ సంస్థ గౌరవమూ తగ్గదని ఆ చర్య నిరూపించింది. తప్పు ఒప్పుకొన్న సంస్థ పెద్దదవుతుంది. మన సంస్థలు కూడా ఈ సంగతి మనసున పెట్టుకోవాలి.

ఆటకు సంబంధించినది కాకపోయినా ఆ కాలపు మరొక సంఘటన ఇక్కడ చెప్పక తప్పదు. సూ పెరిగిన లివర్‌పూల్ రేవులో వేలాది చైనా నావికులు యుద్ధకాలంలో బ్రిటిషు ఓడలపై పనిచేశారు. జర్మను జలాంతర్గాములు పొంచి ఉన్న అట్లాంటిక్ సముద్రం మీదుగా ఆహారం, ఇంధనం తెచ్చి ఆ దేశాన్ని బ్రతికించినవారిలో వారూ ఉన్నారు. కొందరు అక్కడి స్త్రీలను వివాహమాడి సంసారాలు ఏర్పరచుకొన్నారు. 1945 అక్టోబరులో, అనగా యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, వారిని నిర్బంధంగానైనా తిరిగి పంపివేయడం గురించి బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయంలో సమావేశం జరిగింది. ఆ తరువాత అనేకులను ఓడలెక్కించి పంపారు. తండ్రి ఏమైనాడో తెలియక, తమను విడిచి వెళ్ళిపోయాడని నమ్ముతూ పెరిగిన పిల్లలు నిజం తెలిసేనాటికి వృద్ధులయ్యారు. దశాబ్దాల తరువాత ఆ ప్రభుత్వమే విచారణ జరిపి, ఆ పనిలో నిర్బంధం ఉన్నదని అంగీకరించింది. సూ ఇంగ్లండులో పుట్టినవారు కనుక ఆయనకు ఆ గతి పట్టలేదు. అయితే రెండు కథలలోనూ వినిపించేది ఒక్కటే మాట: అతిథి సమయం ముగిసింది. మెహమాన్‌దారీ మూడు దినాలని మన పెద్దలంటారు. ఇక్కడ అది ఆరు సంవత్సరాలు సాగింది. యుద్ధం సాగినంత కాలం.

యుద్ధానంతరం సూ 1945లో లీస్టర్ సిటీకి, మరుసటి సంవత్సరం లూటన్ టౌన్‌కు మారారు. ఆటగానిగా విరమించిన పిదప శిక్షకుడయ్యారు. ఇటలీలో పాదువా జట్టుకు శిక్షణ ఇచ్చారు. స్వీడనులో ఆయన శిక్షణలో యూర్గోర్డెన్ అనే స్టాక్‌హోం జట్టు 1955లో ఆ దేశపు లీగ్ విజేతగా నిలిచింది. ఇంగ్లండులో స్కన్‌థార్ప్ జట్టుకు కొంతకాలం నిర్వాహకునిగా ఉన్నారు కాని ఆయన శిక్షక జీవితంలో ఎక్కువ భాగం పరదేశాలలోనే గడిచింది. 1991 జనవరిలో లివర్‌పూల్‌లో కన్నుమూశారు. 2016లో సుసాన్ గార్డినర్ వెలువరించిన ఆయన జీవిత చరిత్రకు "సంచారి" అన్న అర్థం వచ్చే పేరు పెట్టడం ఎంతో సముచితం. సొంత దేశంలో అతిథిగా ఆడినవాడు పరదేశాలలో గురువుగా నిలిచాడు. విద్యకు సరిహద్దులు లేవు. లేనిదల్లా విద్యను గుర్తించే కన్ను.

ఈ కథ వలన విద్యార్థులు ఏమి గ్రహించాలి? రెండు అపాయకరమైన పాఠాలు ఇందులో నుంచి తీయవచ్చు. ఆ రెండింటి నుంచీ జాగ్రత్తగా ఉండవలసిందిగా మా హెచ్చరిక. మొదటిది: ఎంత కష్టపడినా మనవారిని లెక్కించరు కనుక కష్టపడడం వృథా అన్న నిరాశ. ఈ మాట మా తరగతి గదులలో తరచు వింటున్నాం. పరీక్షకు ముందే ఫలితం నిర్ణయించుకొని పుస్తకం మూసేవారు దీనిని చక్కని సాకుగా వాడుకొంటున్నారు. లెక్కించరని తెలిసి ఫ్రాంక్ సూ ఆట మానివేసి ఉంటే ఆయనను గురించి ఈనాడు ఇన్ని సముద్రాలకు ఇవతల మనం మాట్లాడుకొనేవారమా? రెండవది: మనిషి తన పని తాను చేసుకొని పోతే చాలు, లెక్కలతో, గుర్తింపుతో పని లేదన్న వేదాంతం. ఇది వినడానికి ఇంపుగా ఉంటుంది. దీనిని ఎక్కువగా బోధించేవారు ఎవరో కూడా గమనించండి. తమ పేరు పుస్తకంలో ముందే ఎక్కి ఉన్నవారే ఎదుటివానికి ఈ వైరాగ్యం బోధిస్తారు. ఆడడం ఆటగాని ధర్మం. ఆడినదానిని ఆడినట్లు వ్రాయడం లెక్క వ్రాసేవాని ధర్మం. ఒకరు తమ ధర్మం నెరవేర్చినంత మాత్రాన రెండవవారు తప్పించుకోరాదు.

ఇకమీద మా మనవి కళాశాల పాలక సంఘం వారికి. ఇతర దేశపు సంఘం లెక్కలను తప్పు పట్టిన మనం మన లెక్కల పుస్తకాన్ని కూడా ఒకసారి తెరచి చూడాలి. మన కార్యాలయపు గోడ మీద విజేతల పేర్ల పట్టిక ఉన్నది. విశ్వవిద్యాలయ పోటీలలో బహుమతి తెచ్చినవారి పేర్లు బంగారు రంగు అక్షరాలలో మెరుస్తున్నాయి. సంతోషం. కాని పోటీ నాటికి ఒకరికి జ్వరం వస్తే ముందురోజు రాత్రి కబురందుకొని వచ్చి ఆడిన విద్యార్థి పేరు ఎక్కడున్నది? ఏడాది పొడవునా సాధనలో ఎదుటి పక్షంగా నిలిచి, పోటీ నాడు గట్టు మీద కూర్చొన్నవాని పేరు ఎక్కడున్నది? ఉర్దూ విభాగంలో చదువుతూ తెలుగు నాటకంలో వేషం కట్టినవారు, తెలుగు విభాగంలో చదువుతూ ముషాయిరా నాడు కుర్చీలు మోసి దీపాలు సరిచేసినవారు, వీరందరూ మన సొంత ఇంటిలోనే అతిథులై పోతున్నారు. అవసరానికి పిలుస్తున్నాం, నివేదికలో మరచిపోతున్నాం.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ప్రతి సంవత్సరం ఈ సంచికలో రెండు పుటలు కేటాయించండి. ఒక పుట ఉర్దూలో, ఒక పుట తెలుగులో. గెలిచినా ఓడినా, అధికారిక పోటీ అయినా కాకపోయినా, ఆ సంవత్సరం కళాశాల పేరున మైదానంలోకి దిగిన ప్రతి విద్యార్థి పేరు, తరగతి, ఆడిన తేదీ అందులో ముద్రించండి. అదనపు ఆటగాళ్ళ పేర్లు, మైదానం చదును చేసిన సిబ్బంది పేర్లు కూడా చేర్చండి. పేర్లు సేకరించే పని మాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాం. రేపు ఏ పేరు గొప్పదవుతుందో ఈనాడు మనకు తెలియదు. అందుకే వడపోత మన పని కాదు, వ్రాసి ఉంచడమే మన పని.

ఫ్రాంక్ సూ తొమ్మిది ఆటలూ ఆడినవే. బంతి కదిలింది, జనం చూచారు, వేళకు ఈల మోగింది. లెక్కకు రానంత మాత్రాన జరిగినది జరుగలేదని ఎవరూ అనలేరు. మన పిల్లలు ఆడిన ఆటల విషయంలో మాత్రం ఇంత వాదన అవసరం రాకుండా ఈ సంవత్సరం నుంచే కలం పట్టుకొందామని పాలక సంఘం వారిని సవినయంగా ప్రార్థిస్తున్నాం.